మా తోలు క్లబ్బు చెప్పుల ప్రదర్శన

ఫోన్లో నెట్ చవకైన ఆ కొత్తల్లో మా పాలకొల్లులో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్చేసుకుంటూ ఉండేవారు. ఎదురింటావిడ ఓవెన్ లేకుండా కేకు చెయ్యడం నేర్చుకుంది. మందులషాపు కుర్రాడు గిటారు నేర్చుకున్నాడు (ఆ వీధిలో తలనొప్పి మాత్రల అమ్మకం పెరిగిందని చెప్పుకునేవారు). నేనేమో తోలుపని మొదలుపెట్టాను. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆసామి పర్సు కుట్టే వీడియో చూసి, ఓస్ ఇంతేకదా అనుకున్నాను. ఆ వయసులో నాకు లోకంలో ప్రతిదీ ఇంతేకదా అనిపించేది.

అప్పుడు నేనొక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమస్తాని. ఒక్కదాన్నీ కుట్టుకుంటే ఏం సరదా, క్లబ్బు పెడదాం అని మా డ్రాయింగు మాస్టారిని కదిపితే ఆయన పడీపడీ నవ్వారు. "ఈ పని తప్పించాలనే మా తాత చెప్పులు కుట్టి కుట్టి మా నాన్నని చదివించాడండి. మీరు చదువుకుని మరీ ఈ పనికొస్తున్నారు. బాగుందండి మేడమ్ గారూ!" అన్నారు. అన్నారే గాని, ఆ ఆదివారం చర్చి అవగానే తాతగారి ఉలినీ, తోలుకి కన్నాలు పొడిచే ఆరెనీ సంచిలో వేసుకుని వచ్చేశారు. స్కూల్లోనే ఇంకో ముగ్గురు టీచర్లు చేరారు. మేం 'డెల్టా లెదర్ క్రాఫ్ట్ క్లబ్' అని ఘనంగా పేరు పెట్టుకుంటే, ఊరు దాన్ని తోలు క్లబ్బు చేసి పారేసింది.

మా క్లబ్బుకి చోటిచ్చింది నేను అద్దెకున్న ఇంటివాళ్ళు. బజార్లో ఇత్తడి సామాన్ల కొట్టు వాళ్ళది. ఆవిణ్ణి పిన్నిగారనీ, ఆయన్ని బాబాయిగారనీ పిలిచేదాన్ని. "ఆవు తోలైతే మాత్రం మెట్లు ఎక్కనివ్వనమ్మాయ్" అన్నారు పిన్నిగారు. "గేదెదేనండి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి పైహాలు తాళంచెవి ఇచ్చారు. ఇక చూడండి మా ప్రతాపం. మా మొదటి పర్సు మడత పడనంది. వానాకాలంలో బెల్టులకి పచ్చగా బూజు పట్టింది. కొబ్బరినూనె రాస్తే పోతుందని నేనే సలహా ఇచ్చాను (గోదావరి జిల్లాల్లో కొబ్బరినూనెతో నయం కానిదేముంది?). బూజు పోలేదు సరికదా, చీమలు కూడా వచ్చాయి. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి, మా సరుకు మాకు ముచ్చటగానే ఉండేది.

ఇరుగుపొరుగుకి అంత ముచ్చట లేదు. సుత్తి దెబ్బలకి నిద్ర పట్టడం లేదనీ, జిగురు వాసనకి అన్నం సయించడం లేదనీ పిన్నిగారికి చెప్పారు. ఆవిడ నన్ను పిలిచి, "చూడమ్మాయ్, వచ్చే ఆదివారం పెద్దవాళ్ళని నలుగుర్నీ పిలిచి మీ పని చూపించండి. బాగుందన్నారా, ఉండండి. లేదా, మూట కట్టేయండి. ఆ హాల్లో బియ్యం బస్తాలైనా వేసుకుంటాను" అన్నారు. ఆరు రోజులూ ఆఫీసులో ఫీజు రసీదులు కొట్టే నాకు ఆ ఆదివారం మధ్యాహ్నమే బతుకులో మిగిలిన తీపి. అది పోతే ఎలాగా అని నిజంగానే ఏడుపొచ్చింది.

ప్రదర్శన రోజున పిన్నిగారు మరో మెలిక పెట్టారు. హాల్లో దేవుడి పటాలున్నాయి కాబట్టి చెప్పులు గడప దాటకూడదట. పర్సులూ బ్యాగులూ మాత్రం రావచ్చట (అవీ ఆ గేదెవేనని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు). సరే, మేం కుట్టిన చెప్పుల జతలన్నీ వరండాలో చాప మీద వరసగా పేర్చాం. వచ్చిన పెద్దమనుషులు మర్యాదస్తులు. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా కనపడగానే, తమవి కూడా విప్పి అదే వరసలో బుద్ధిగా పెట్టి లోపలికి వచ్చారు.

ముఖ్య అతిథి మా వీధి రిటైర్డ్ హెడ్మాస్టరుగారు. ఆయన మాటంటే పిన్నిగారికి గురి. పర్సులు చూసి "ఊఁ" అన్నారు. బ్యాగులు చూసి "ఊఁ ఊఁ" అన్నారు. వరండాలోకి వచ్చి ఒక జత చేతిలోకి తీసుకున్నారు. ఆయన మొహం విప్పారింది. "ఆహా! ఇదీ పనితనమంటే! ఈ మడమ దగ్గర అరుగుదల చూశారా, ఎంత సహజంగా తెచ్చారో!" అన్నారు. మా డ్రాయింగు మాస్టారు జేబురుమాలు నోట్లో కుక్కుకున్నారు. అవి మేం కుట్టినవి కావని నాకూ తెలుసు. కానీ బియ్యం బస్తాలు కళ్ళముందు కదిలాయి. "థాంక్సండి" అనేశాను.

అప్పుడే పిన్నిగారు కాఫీల పళ్ళెంతో వచ్చారు. "అయ్యో రామ! అవి మా ఆయన చెప్పులండీ! పారేయమని ఎన్నాళ్ళుగా పోరుతున్నానో! కొత్తవి కొంటే కరుస్తాయంటారు, ఒక్కపూట వేసుకుని మళ్ళీ వీటిలోనే దూరతారు!" హెడ్మాస్టరుగారు జతని గబుక్కున వదిలేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచేశారు. ఎవరూ నవ్వలేదు, అదే పెద్ద బాధ. మా క్లబ్బు కథ కంచికి చేరిందనుకున్నాను.

అంతలో డ్రాయింగు మాస్టారు చాపకేసి చూసి, "మేడమ్ గారూ, మన జత ఒకటి లేదండి" అన్నారు మెల్లగా. ఆయన కోసి ఇస్తే నేను కుట్టిన జత అది. వెతికేలోపే, రెండో విడత కాఫీలకి పంచదార తెమ్మని పిన్నిగారు పంపిన బాబాయిగారు బజారునుంచి పొట్లంతో మెట్లెక్కి వచ్చారు. అందరి చూపులూ ఆయన కాళ్ళ మీదే.

"ఏంటండీ, అందరూ నా కాళ్ళకేసి చూస్తారు?"

"ఆ చెప్పులెవరివండీ?" అన్నారు పిన్నిగారు.

"ఆయ్, నావే. ఇంకెవరివి?" అని బాబాయిగారు కిందకి చూసుకున్నారు. ఒక కాలెత్తి చూసుకున్నారు, రెండోది కూడా ఎత్తి చూసుకున్నారు. "నావి కావేంటి! బజారు దాకా వెళ్ళొచ్చానే! మరి కరవలేదేంటీ?" అన్నారు.

మొదట నవ్వింది హెడ్మాస్టరుగారే. తర్వాత వరండా అంతా నవ్వింది. పిన్నిగారు మాత్రం నవ్వకుండా బాబాయిగారి పాతజతని కాలితో వీధివైపు నెట్టి, నాకేసి తిరిగి, "అమ్మాయ్, వెళ్ళేటప్పుడు హాలు ఊడ్చి వెళ్ళండి. వచ్చే ఆదివారం చీమలు కనపడితే ఊరుకోను" అన్నారు. వచ్చే ఆదివారం! ఆ మాట విని నాకు గెంతాలనిపించింది.

ఆ క్లబ్బు మూతపడలేదు. మాస్టారు ఇప్పటికీ నడుపుతున్నారు. నేను ఉద్యోగం మారి భీమవరం వచ్చేశాను. కళ్ళజోడు లేనిదే సూదిలోకి దారం ఎక్కదు. ఆ తర్వాత నేను కుట్టినవి బాగున్నాయని చాలామందే అన్నారు గాని, కొత్తవని గుర్తు కూడా లేకుండా బజారుకి వెళ్ళొచ్చినవాళ్ళు మరొకరు లేరు. ఎవరో ఏళ్ళతరబడి అరగదీసిన చెప్పులకి తడుముకోకుండా థాంక్స్ చెప్పిన ఆ పిల్లని తలుచుకుంటే మాత్రం, సిగ్గుపడాల్సింది పోయి, ముద్దొస్తుంది.