ఆరో మనిషి ఏదీ?

ప్రేమమ్మగారికి పొగరని మా ఆఫీసులో అందరూ అనేవారు. నేనూ అన్నాను. టైపు మిషను ముందు కూర్చున్నవాణ్ణి కదా, ఎవరి మీద ఏ కాగితం రాసిస్తే అది కొట్టడమే నా పని. ఆవిడ మీద కాగితం కూడా నా వేళ్లతోనే కొట్టాను. ఆ వేళ్ల మీద కోపంతోనే ఇది రాస్తున్నాను.

మాది కుష్టు నివారణ ఆఫీసు. ప్రేమమ్మగారు అందులో ఫీల్డు వర్కరు. పుట్టింది వినుకొండ అవతల ఒక పల్లెలో. తల్లి కొండమ్మ మిరప కల్లాల్లో కాయలకు ముచ్చికలు తీసే కూలి. వేసవి వచ్చిందంటే కొండమ్మ చేతులు భగ్గున మండేవట. ఆ ఘాటు పిల్లల కళ్లకు తగులుతుందని, ఇంటికొచ్చాక వాళ్లను దగ్గరికి తీసుకోవడానికి కూడా భయపడేదట. కూతుర్ని మాత్రం చీరాల వైపు మిషన్ బోర్డింగులో వేసి పదో తరగతి దాకా చదివించింది. ఆపైన ట్రైనింగు, ఈ ఉద్యోగం, జయరావనే బడిపంతులుతో పెళ్లి. ఆడవాళ్లు సైకిలెక్కితే పిల్లలు వెంటపడి కేకలు వేసే రోజుల్లో ప్రేమమ్మగారు నల్లరేగడి డొంకల్లో సైకిలు తొక్కారు. వాన పడితే ఆ మట్టి చక్రాలకు పట్టేసి కదలనివ్వదు. అప్పుడు సైకిలును ఎత్తి భుజాన వేసుకుని నడిచేవారు.

మా పనిలో ముఖ్యమైనది సర్వే. ఇంటింటికీ వెళ్లి, ఇంట్లో ఎందరుంటే అందరి ఒంటినీ పగటి వెలుగులో చూడాలి. అనుమానం వస్తే మనిషిని కళ్లు మూసుకోమని కోడి ఈకతో తాకుతారు. తాకిన చోట వేలు పెట్టి చూపిస్తే స్పర్శ ఉన్నట్టు. చూపించలేకపోతే రోగం ఉందేమోనని అనుమానించాలి. చాలామంది వర్కర్లు అరుగు మీద కూర్చుని, కనిపించిన నలుగురినీ చూసి, మిగతావాళ్లని ఇంటి యజమాని మాట మీద కానిచ్చేసేవారు. ప్రేమమ్మగారు ఒక్క తల తగ్గినా మళ్లీ వచ్చేవారు. పొగరని పేరు రావడానికి అదే కారణం.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఆవిడకు రేగళ్లపాలెం సర్వే పడింది. ఆ ఊళ్లో యలమందయ్య అంటే మర్యాదస్తుడు. ఇరవై ఎకరాల మిరప, పత్తి. రేషను కార్డులో ఇంటిల్లిపాదీ ఆరుగురు. పరీక్షకు వచ్చింది ఐదుగురు.

"ఆరో మనిషి ఏదండీ?" అని అడిగారు ప్రేమమ్మగారు.

"మా అక్కండీ, బసవమ్మ. మూగది, చెవుడు కూడా. ఊరెళ్లింది" అన్నాడు యలమందయ్య.

వారం తర్వాత వెళ్తే ఊరి నుంచి రాలేదన్నారు. పదిహేను రోజుల తర్వాత వెళ్లినా అదే మాట. "మాట రాదు, చెవులు వినపడవు. అట్టాంటి మనిషి ఒంటరిగా ఏ ఊరెళ్లిందండీ ఇన్నాళ్లు?" అని గట్టిగా అడిగేసరికి యలమందయ్య భార్య మొహం మీదే తలుపేసింది. మిరప రోజుల్లో ఇంట్లో లేని మనిషి కల్లంలోనే ఉంటుందని, ప్రేమమ్మగారు సైకిలు తిప్పి తిన్నగా అక్కడికి వెళ్లారు.

కల్లం చివర రేకుల కొట్టం. లోపల మిరపకాయల గుట్ట. ఆ గుట్ట పక్కన బసవమ్మ కూర్చుని ముచ్చికలు తీస్తోంది. నలభై ఏళ్లుంటాయి. చీలమండకు పశువుల పలుపు కట్టి, రెండో కొస రాటకు ముడేశారు. చేతులు వాచి, చర్మం ఊడి, వేళ్ల సందుల్లో రసి కారుతోంది. వీపు మీద పత్తికట్టెతో కొట్టిన వాతలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నవి. గిన్నెలో అడుగున ఎండిపోయిన మెతుకులు.

మిరపకాయ మంట సంగతి కొండమ్మ కూతురికి ఒకరు చెప్పాలా? కూలీలు మధ్య మధ్య లేచి చేతులు కడుక్కుంటారు, నూనె రాసుకుంటారు, మరీ మండితే రెండ్రోజులు మానేస్తారు. ఈ చేతులకు నెలల తరబడి సెలవు లేదు. అయినా పని పనే కాబట్టి ఆవిడ ఈక తీశారు. సైగలతో చెప్పి, కళ్లు మూయించి తాకారు. తాకిన ప్రతిచోటా బసవమ్మ వేలు పెట్టి చూపించింది. ఒక్కటీ తప్పలేదు. నాలుగోసారికి ఇదేదో ఆట అనుకుని నవ్విందట. ఆ నవ్వు చూశాక ప్రేమమ్మగారికి దుఃఖం ఆగలేదు.

ఒంటి నిండా స్పర్శ ఉంది. రోగం లేదు. ఆ రోగం లేకపోవడమే బసవమ్మ పాలిట శాపమైంది.

పలుపు విప్పబోతుంటే యలమందయ్య వచ్చాడు. "విప్పితే రోడ్డెక్కుద్ది, ఏ లారీ కిందో పడుద్ది. దానికేం తెలుసు? మా మనిషిని మేం చూసుకుంటాం, మీ మచ్చలేవో మీరు చూసుకోండి" అన్నాడు. వెనక నలుగురు జీతగాళ్లు నిలబడ్డారు. ఆవిడ చేసేది లేక బయటికొచ్చారు.

అక్కడి నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. మనిషిని తీసుకొస్తే కట్టు కడతాం, కొట్టారని రాయాలంటే పోలీసు చీటీ కావాలన్నారు. పోలీసు స్టేషనుకు వెళ్లారు. "దెబ్బలు తిన్న మనిషి చెప్పాలమ్మా. మూగదాని వాంగ్మూలం ఎట్టా రాసుకోమంటావు? ఇంటి గొడవల్లో నీకెందుకు, పోయి నీ పని చూసుకో" అన్నాడు ఎస్సై. కొత్తగా పెట్టిన మండలాఫీసుకు వెళ్లారు. వికలాంగుల హోములో చేర్పించాలంటే ఫారం ఉంది, దాని మీద సంరక్షకుడి సంతకం ఉండాలన్నారు. సంరక్షకుడెవరు? తమ్ముడు! కట్టేసినవాడు సంతకం పెడితే గానీ కట్టు విప్పడానికి వీల్లేదు. చదువుకున్నవాళ్లు ఫ్యాను కింద కూర్చుని తయారుచేసిన ఫారం అది. దూడను ఎండలో కట్టేస్తే దారిన పోయేవాడు కూడా ఆగి కేకలేస్తాడు. నలభై ఏళ్ల మనిషిని కట్టేస్తే మూడు ఆఫీసులూ మూడు కాగితాలు అడిగాయి. సిగ్గు లేకపోతే సరి.

ఆ సాయంత్రం ఆవిడ మా ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూలబడ్డారు. జరిగిందంతా చెప్పి, "మూర్తిగారూ, అదే పెద్దరోగం ఉంటే ఏం చేస్తామండీ?" అన్నారు.

"కార్డు రాస్తాం. రేపే జీపు వెళ్తుంది. మిషన్ ఆసుపత్రిలో మంచం, మందులు, తిండి, అన్నీ ఉచితం."

"లేదు కాబట్టి ఆ రాట దగ్గరే చావాలన్నమాట."

నేను మిషనుకు గుడ్డ కప్పాను.

మర్నాడు పొద్దున్నే నా బల్ల మీద కార్డు ఉంది. బసవమ్మ, నలభై ఏళ్లు, వీపు మీద స్పర్శ లేని మచ్చలు, వెంటనే ఆసుపత్రిలో చేర్చవలెను.

"నిన్న స్పర్శ ఉందన్నారుగా?" అన్నాను.

"ఉంది. లేదని రాశాను. మీరు కొట్టండి."

పదిహేనేళ్లలో ఒక్క అబద్ధం రాసి ఎరగని మనిషి. నేను కొట్టాను. ఆ ఏడాది నేను చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని కూడా ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ చేశాను.

కాగితాలు పట్టుకుని జీపులో నేనూ వెళ్లాను. కల్లంలో యలమందయ్య అడ్డం నిలబడ్డాడు. ప్రేమమ్మగారు కార్డు చూపించి, "పెద్దరోగం" అన్నారు. అంతే. ఆరడుగులు వెనక్కి జరిగాడు. పలుపు కోసుకోమని కొడవలి దూరం నుంచే విసిరాడు. వాళ్లావిడ బసవమ్మ చీరలు రెండు కర్రతో తోసుకొచ్చి జీపు దగ్గర పడేసింది. పుట్టినప్పటి నుంచి ఒకే ఇంట్లో పెరిగిన అక్క బండెక్కుతుంటే ఆ తమ్ముడు అన్న మాట ఇది: "అమ్మా, ఈ సంగతి బయట పొక్కనియ్యమాకండి. దీని చెయ్యి పడ్డ కాయలంటే ఎవరూ కొనరు."

జీపులో బసవమ్మ కిటికీకి అతుక్కుపోయి చూస్తోంది. ప్రేమమ్మగారు ఏడుస్తున్నారు. "ఈ రోగానికి భయపడొద్దని ఊరూరా తిరిగి చెప్పానండీ. చివరికి ఆ భయాన్నే వాడుకున్నాను. నన్ను దేవుడు క్షమిస్తాడో లేదో" అన్నారు. క్షమించాల్సిన వాళ్ల జాబితా తీస్తే ఆవిడ పేరు ఆఖరున కూడా ఉండదని నాకనిపించింది.

రెండు నెలలకు ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్షలన్నీ చేశాం, రోగం లేదు, పుండ్లు మానాయి, ఇంటికి తీసుకుపోవచ్చు. అలాంటి ఉత్తరానికి ఒక నకలు కుటుంబానికి పంపాలని రూలు. నేను టైపు కొట్టి, కవరులో పెట్టి, పోస్టు చేశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. రోజూ చేసే పని, చేతులకు అలవాటు. బసవమ్మ పేరు కొడుతున్నప్పుడు కూడా నా బుర్ర వెలగలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజున ప్రేమమ్మగారు ఆఫీసు నకలు చూశారు. "ఏం చేశారండీ మూర్తిగారూ!" అని ఒక్క అరుపు అరిచి బస్సు కోసం పరుగెత్తారు. వెనకే నేనూ పరుగెత్తాను.

మేం వెళ్లేసరికి యలమందయ్య ఆసుపత్రి గేటు బయట నిలబడి ఉన్నాడు. చేతిలో నేను పంపిన కాగితం. కల్లంలో ఇంకా గుట్ట మిగిలే ఉంది మరి. గేటు లోపల వరండాలో డాక్టరుగారు ఉన్నారు. "రోగం లేని మనిషికి మంచం ఇవ్వలేను. తమ్ముడొచ్చాడు, పంపక ఏం చేయను?" అని, ప్రేమమ్మగారి మొహం చూసి గొంతు తగ్గించారు. "మీరు పొరపాటున రాశారు. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. నేను మీ ఆఫీసుకేమీ రాయనులెండి."

ఆయన మంచికే అన్నారు. ఔనని తల ఊపితే చాలు, ఉద్యోగం పదిలం. బసవమ్మ మాత్రం ఆ రాటకు పోతుంది.

"పొరపాటు కాదండీ. తెలిసే రాశాను. కట్టేసి కొడుతుంటే విడిపించే దారి లేక రాశాను. కాగితం ఇవ్వండి, ఈ మాటే రాసి సంతకం పెడతాను" అన్నారు ప్రేమమ్మగారు.

ఆవిడ రాస్తుండగానే బసవమ్మ లోపలి నుంచి వచ్చింది. పక్కన రెబ్కా ఉంది. రోగం నయమైనా వేళ్లు వంకరపోయిన ముసలమ్మ, ఆసుపత్రి వెనక కాలనీలో ఉంటుంది. ఈ రెండు నెలలూ బసవమ్మకు తలదువ్వి, అన్నం కలిపి పెట్టింది ఆవిడే. గేటు దగ్గర తమ్ముణ్ణి చూడగానే బసవమ్మ రెబ్కా వెనక దాక్కుంది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తనంతట తానే ముందుకొచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి, చీలమండ చుట్టూ తెల్లగా మిగిలిన మచ్చను డాక్టరుగారికి చూపించింది. రెండు చేతులతో ముడేస్తున్నట్టు చేసింది. వేలెత్తి గేటు వైపు చూపించింది. వెనక్కి తిరిగి, రవికె కొంచెం పైకి లాగి, వీపు చూపించింది.

ఎస్సైని జుట్టు పట్టుకుని లాక్కొచ్చి అక్కడ నిలబెట్టి, రాసుకోవయ్యా వాంగ్మూలం, అనాలనిపించింది నాకు.

డాక్టరుగారు కేసు షీటు తెప్పించి, చీలమండ, చేతులు, వీపు, ఒక్కొక్కటీ రాసి, ఇంటికి పంపితే ప్రాణానికి ముప్పు అని కింద సంతకం చేశారు. "ఆమె ఇష్టం లేకుండా పంపను" అని గేటు వైపు కేకేశారు.

"నా అక్కండీ! నా ఇష్టం!" అని అరిచాడు యలమందయ్య.

"అయితే లోపలికొచ్చి తీసుకుపో."

రెబ్కా వెళ్లి, తన వంకర వేళ్లతోనే గేటు బార్లా తెరిచింది. రోగం లేదన్న కాగితం చేతిలోనే ఉంది. అయినా అతను ఆ వేళ్లను చూసి, ఆ వేళ్లు ముట్టుకున్న గేటును చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

బసవమ్మ ఆ కాలనీలోనే రెబ్కా దగ్గర ఉండిపోయింది. యలమందయ్య మీద ఎవరూ కేసు పెట్టలేదు. కేసు షీటు నకలు డాక్టరుగారు స్టేషనుకు పంపినా కదలిక లేదు. మా ఆఫీసు మాత్రం చురుగ్గా కదిలింది. తప్పుడు నమోదు ద్వారా ప్రభుత్వ జీపును దుర్వినియోగం చేసినందుకు సంజాయిషీ చెప్పవలెనని ప్రేమమ్మగారికి మెమో. కొట్టింది నేనే.

మా పై అధికారి జానకిరామయ్యగారు చెడ్డవారేమీ కాదు. ఆవిడను పిలిచి, "తప్పు చేశాను, ఇకమీదట చేయను అని రెండు ముక్కలు రాసివ్వమ్మా, మందలించి వదిలేస్తాను" అన్నారు. ఆవిడ నా బల్ల దగ్గరే కూర్చుని రాశారు. మొదటి ముక్క ఆయన చెప్పినట్టే ఉంది. రెండోది ఇలా ఉంది: "ఇకమీదట చేయనని రాయలేను. రేగళ్లపాలెంలో నేను చూడవలసిన ఇళ్లు ఇంకా పదకొండు ఉన్నాయి."

రెండు ఇంక్రిమెంట్లు కోసి ఆవిడను జిల్లా ఆ చివరకు బదిలీ చేశారు. ఆ పదకొండు ఇళ్లూ ఇంకో వర్కరుకు అప్పగించారు. ఊరంతా పత్తి తీతకు చేలకు పోయి, ఇళ్లకు తాళాలు వేసి ఉండే రోజుల్లో ఆయన మధ్యాహ్నం బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేశాడు. పదకొండు ఇళ్లు, యాభై ఎనిమిది మంది, అందరినీ పరీక్షించడమైనది, ఎవరికీ ఏమీ లేదు అని రాసిచ్చాడు. జానకిరామయ్యగారు సంతకం చేశారు. దాని మీద ఎవరూ ఏ సంజాయిషీ అడగలేదు.