అన్నయ్య కారుకు పడిన క్రెడిట్లు

మా టైర్ల కొట్టు పక్క షెడ్డులో ఇంజన్ ట్యూనింగ్ చేసే ఆయన్ని వీధంతా ‘ఎల్లుండి’ అంటాం. ఏ పనీ రేపటికి ఒప్పుకోడు మరి. లాప్‌టాప్‌ను బండికి తగిలించి, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బాలో లెక్కలు మారుస్తాడు. ఎత్తు ఎక్కలేక ఆయాసపడే బండి కూడా ఆయన చెయ్యి పడ్డాక బుద్ధిగా ఎక్కుతుంది.

ఈ పనిలో ఒక మెలిక ఉంది. బండిలో లోపాలు చదవడానికి సాఫ్ట్‌వేర్ ఏమీ అడగదు. లెక్కలు మార్చాలంటే మాత్రం ముందే కొనిపెట్టుకున్న క్రెడిట్లు వాడి ఆ బండికి లైసెన్సు తీసుకోవాలి. ఆ తర్వాత ఆ బండిని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కానీ ఆ లైసెన్సు ఇంకో బండికి పనికిరాదు. వాడిన క్రెడిట్లు తాగేసిన కాఫీ లాంటివి, తిరిగి కప్పులోకి రావు.

తన కారు సరిగ్గా లాగడం లేదని, కాస్త చూడమని ఎల్లుండి వాళ్ల అన్నయ్య ఏళ్ల తరబడి అడిగారు. ఇంట్లో బండే కదా, ఎల్లుండి చూద్దాం అనేవాడు ఈయన. ఉన్న క్రెడిట్లు బయటి బండ్లకే సరిపోయేవి. నెల క్రితం అన్నయ్య పోయారు. అప్పట్నుంచి ఎల్లుండి ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. టీ ఇస్తే తాగుతాడు, ఇవ్వకపోతే అడగడు.

ఆ మధ్యాహ్నం వదినగారు ఆ కారుని ఎవరిచేతో తోలించుకుని వచ్చారు. సాయంత్రం కొనే మనిషి వస్తాడట, లోపాలేమన్నా ఉన్నాయేమో చూడమన్నారు. పక్కనే కూరగాయల వ్యాను ట్యూనింగ్ కోసం నిలబడి ఉంది. ఎల్లుండి కారుకి వైరు తగిలించి చదివాడు. లోపమేమీ లేదు. లేచి వ్యాను చుట్టూ ఓసారి తిరిగి, మళ్లీ స్టూలు మీద కూర్చుని వ్యాను పని మొదలుపెట్టాడు. వైరు మాత్రం మార్చలేదు. క్రెడిట్లు వాడమంటారా అని తెర అడిగింది. వాడమన్నాడు.

వ్యాను డ్రైవరు తొంగిచూశాడు. “మాస్టారూ, నా బండి ఇటుంది. మీ వైరు అటుంది.”

నేను నవ్వాపుకోలేక టైర్ల వైపు తిరిగాను. ఎల్లుండి ముఖంలో సిగ్గు కూడా కనిపించలేదు. మళ్లీ క్రెడిట్లు కొంటానని, వ్యాను చీకటి పడకముందే ఇస్తానని చెప్పాడు. అదృష్టం కూడా పక్క బండికే పడుతుందని గొణుక్కుంటూ డ్రైవరు వచ్చి నా కొట్లో కూలబడ్డాడు.

సంగతి వదినగారికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“అంటే ఇప్పుడు మన కారు బాగుచెయ్యొచ్చన్నమాట.”

“చెయ్యొచ్చు వదినా. కానీ సాయంత్రం వెళ్లిపోయే బండి కదా.”

“మీ అన్నయ్య అడిగింది ఇదేగా?”

“ఇదే.”

“అయితే చేసే పంపు.”

చేశాడు. ఇద్దరూ ఎక్కి వంతెన దాకా వెళ్లొచ్చారు. ఎలా ఉందని అడిగాను. బాగా లాగుతోందన్నాడు, మబ్బు పట్టిందని చెప్పినట్టు.

కొనే పెద్దమనిషి కూడా ఒక చుట్టు తిప్పి దిగాడు. “ఇంత మంచి బండిని ఎందుకు వదులుకుంటున్నారమ్మా?”

“నడిపేవారు లేరండీ” అన్నారు వదినగారు.

ఆయన రెండో తాళంచెవి కూడా ఇమ్మన్నాడు. బాగుచెయ్యమని అన్నయ్య ఎప్పుడో ఇచ్చిపోయిన ఆ తాళంచెవి ఎల్లుండి జేబులో ఉంది. వదినగారు మోచెయ్యి తట్టేదాకా తియ్యలేదు.