అమలాపురం బోర్డు ముందు మా సూర్యం

మా తమ్ముడు సూర్యం మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నాడని ఊళ్ళో చెప్పినవాణ్ణి నేనే. నిజానికి మూడేళ్ళపాటు వాడు మా ఇంట్లోనే, వెనక గదిలో ఉన్నాడు. కేకలు ఎక్కువయ్యాక కొత్తపేటలో ఒక మానసిక చికిత్సాలయంలో చేర్పించాను. మా వంశానికి భూములు పోయాయి, పేరు మాత్రం మిగిలింది. అది కూడా నలుగురి నోళ్ళలో నానడం నాకు ఇష్టం లేదు.

గత వారం డాక్టరుగారు ఫోన్ చేశారు.

"నెల దాటి ఉంచాలంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలండీ. మీ తమ్ముడుగారు ఇంటికి వెళ్తానని అర్జీ కూడా పెట్టుకున్నారు. మంగళవారం పదకొండింటికి అమలాపురం రండి."

"ఇంటికి పెద్దవాణ్ణి. నా సంతకం చాలదా?"

"ఇప్పుడు చట్టం మారిందండీ," అన్నారాయన.

వాణ్ణి ఇంకా అక్కడే ఉంచమని, తాతగారి పేరు అచ్చయిన పాత కాగితం మీద విన్నపం రాసుకుని, ఉదయం ఆరూ ఇరవైకి అంతర్వేది వైపు నుంచి వచ్చే బస్సు ఎక్కాను. మలికిపురంలో మా ఊరి సత్తిబాబు ఎక్కి పక్కన కూర్చున్నాడు. రొయ్యల చెరువుల దగ్గర పని అతనికి.

"ఎక్కడికండీ బాబుగారూ, పొద్దున్నే?"

"అమలాపురం. పనుంది."

"చినబాబుగారు కులాసాయేనాండీ? మావోడూ మస్కట్లోనే ఉన్నాడండి. అడ్రసు ఇప్పిస్తే ఓసారి కలుస్తాడు."

"వాడు ఎడారి లోపలికి వెళ్ళాడు. అక్కడికి ఎవర్నీ రానివ్వరు."

"ఆయ్," అన్నాడు. రాజోలు వచ్చేవరకు రొయ్యల ధరలే చెప్పాడు. మస్కట్ సంగతి మళ్ళీ అడిగినా అంత ఇబ్బంది పడేవాణ్ణి కాదు.

ఏడుంపావుకు రాజోలులో బస్సు మారాను. పాశర్లపూడి వంతెన దాటేదాకా నిలబడే ప్రయాణం. ఎనిమిదీ ముప్పావుకు అమలాపురంలో దిగి పెసరట్టు చెప్పాను కానీ సగం కూడా తినలేకపోయాను.

ఈ దారిన రావలసినవారికి ఒక మాట. ఈ చట్టం ప్రకారం మేజరైన ఎవరైనా తన తరఫున నిలబడే మనిషిని తానే ఎంచుకుని, తెల్లకాగితం మీద రాసి ఇవ్వవచ్చు. రక్తసంబంధం ఉండాలన్న నియమం లేదు. ఈ సంగతి నాకు బోర్డు గదిలో అడుగుపెట్టాకే తెలిసింది.

సూర్యం గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో మా ఊరి బడి మార్త టీచరు. ఆమె తండ్రి మా తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు.

"ఈవిడెందుకు ఇక్కడ?" అన్నాను.

"ఆయన రాసిచ్చింది ఈమె పేరండీ. మీరు వెనక కూర్చోండి," అన్నారు అధ్యక్షులు. రిటైరైన జడ్జిగారు. నా కాగితం చదివి, "ఇంటికి ఎందుకు వద్దంటున్నారు?" అని అడిగారు.

"ఊళ్ళో అందరూ వీడు మస్కట్‌లో ఉన్నాడనుకుంటున్నారు. ఇప్పుడిలా తీసుకువెళ్తే..."

మార్త టీచరు నా వైపు తిరిగింది. "ఎవరూ అనుకోవడం లేదండీ. ఊరందరికీ తెలుసు. రోడ్డు మీదికి కేకలు వినపడేవి. మీరు నొచ్చుకుంటారని మస్కట్ కబుర్లే అడుగుతారండి."

సూర్యం పకపకా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి.

మందులు పనిచేస్తున్నాయని, ఇంటి దగ్గర ఉండవచ్చని బోర్డులోని డాక్టరు చెప్పారు. మీరేమంటారని జడ్జిగారు సూర్యాన్నే అడిగారు.

"ఇంటికే వెళ్తానండీ. నా గది గడియ బయటుందండీ. అది లోపలుండాలి."

జడ్జిగారు నా వైపు చూశారు. మా గుమ్మంలోకొచ్చి జనం చెప్పుకుంటే కూర్చుని వినడమే తప్ప, నేను ఇలా లేచి జవాబు చెప్పుకోవడం ఎన్నడూ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మార్పిస్తాను," అన్నాను.

ఇంటికి పంపమని బోర్డు రాసిచ్చాక, రెండూ పదికి ముగ్గురం బస్సు ఎక్కాం. కిటికీ సీటు సూర్యానిది. మార్త టీచరు వాడికి మందుల వేళలు చెబుతూ వచ్చింది, నేనూ విన్నాను. రాజోలులో దిగి ఇనప సామాన్ల కొట్టుకు వెళ్ళాం.

"చినబాబుగారా! ఒంట్లో నెమ్మదించిందాండీ?" అన్నాడు కొట్టు యజమాని, అదేదో వారం రోజుల జ్వరమైనట్టు.

"నయమేనండీ," అన్నాడు సూర్యం. గడియలు వరసగా పెట్టించుకుని ఒక్కొక్కటీ జరిపి చూశాడు. ఏడోది చేతిలో ఉంచుకున్నాడు.

"ఇది గట్టిది అన్నయ్యా. బయటినుంచి తోసినా రాదు."

"మరి నేను రావాలంటే?"

"తలుపు కొట్టు. తీస్తాను."

పుట్టి బుద్ధెరిగి మా ఇంట్లో నేను ఏ తలుపూ కొట్టలేదు. సరేనన్నాను.