కాగితం బతికింది, ఫిల్ము కరిగింది

మీ పత్రికలోని ఈ ఉత్తరాల పేజీకి ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందటి మూడింటికి జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట దేవరకొండలోని ఒక సర్వే ఆఫీసులో రికార్డులు నేను చూసేవాణ్ని. ఆనకట్ట కడితే కృష్ణా నీళ్లలో మునగబోయే ఒక ఊరి ఇళ్ల ఫొటో ఫిల్ములు నా దగ్గరే ఉండేవి. ఆ ఇళ్లను అప్పటికే కూల్చేశారు కాబట్టి మళ్లీ ఫొటోలు తీసే వీలు లేదు.

ఒకరోజు బీరువాలు అమ్మే ఏజెంటు ఒకడు నిప్పుకు చెక్కుచెదరదంటూ ఇనుప బీరువా తెచ్చాడు. లోపల కాగితాలు పెట్టి, చుట్టూ కట్టెలు పేర్చి గంటసేపు కాల్చి చూపిస్తానన్నాడు.

"కాగితం ఓర్చుకునే వేడికి ఫిల్ము ఓర్వదు సార్. పనికిరాని ఫిల్ము ఒకటి పెట్టి చూడుండ్రి," అన్నాను మా అధికారితో.

"అన్నిటికీ అనుమానమే నీకు. గట్లయితే గిదే పెడదాం," అంటూ ఆయన నా చేతిలోని ఆ ఊరి ఫిల్ముల డబ్బా లాక్కుని, లోపల పెట్టి తాళం వేశారు.

మంట లేచింది. నేను బీరువా చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"జర కూసో అన్నా, నువ్వు తిరిగితే మంట ఆరుతదా," అన్నాడు అటెండరు యాదయ్య. కూర్చోలేకపోయాను.

బీరువా చల్లారాక తెరిచారు. కాగితాలు రంగైనా మారలేదు. ఏజెంటు వాటిని అందరికీ చూపిస్తుంటే నేను డబ్బా మూత తీశాను. ఫిల్ములన్నీ కరిగి ఒకే ముద్దయ్యాయి.

బీరువా పరీక్షలో నెగ్గిందని అధికారి రాశారు. ఫిల్ములు నా నిర్లక్ష్యం వల్ల పోయాయని నాకు మెమో ఇచ్చారు. ఆ ఊరివాళ్లు తమ ఇంటి ఫొటో చూపించమని వస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఆ అధికారి మీ పత్రిక చదువుతారని నాకు తెలుసు. ఆ డబ్బాను బీరువాలో పెట్టింది ఎవరో ఈసారైనా ఆయనే ఇక్కడ రాయాలి.