అద్దం వెనుక వెండి చెయ్యి

కరోనా తగ్గి రెండేండ్లు గడిచిన వేసవి అది. తమిళనాట కోవిల్‌పట్టి బజారులో పటాలకు చట్రాలు కట్టే నా అంగడికి ఒక మధ్యాహ్నం ఇద్దరు స్త్రీలు పెద్ద గుడ్డమూటతో వచ్చారు. ఒకరు మద్రాసు గ్యాలరీలో పనిచేసే శాలినిగారు. రెండవ ఆమె గురవమ్మ. వెంబకోట్టై దగ్గరి ఒక పల్లెలో బాణసంచా కర్మాగారపు కూలి.

మూట విప్పితే, పాత చీరలను అతికి కుట్టిన పోరాట పతాక. కాలిన గాయాలకు దగ్గరలోనే ఒక ఆస్పత్రి వార్డు కావాలన్న కోరిక దానిపై అరవంలో రాసి ఉంది. అక్షరాల చుట్టూ వెండిరంగు అరచేతి ముద్రలు. పని ముగిసినప్పుడు చేతులకు అంటి ఉన్న అల్యూమినియం పొడితోనే ఆ స్త్రీలు వాటిని అద్దారు. పతాకను మద్రాసులో జరుగబోయే ఆర్ట్ ఫెయిర్‌లో ఉంచాలని శాలినిగారి సంకల్పం. పలు గ్యాలరీలవారు ఒకే కప్పు క్రింద తాత్కాలికపు గదులు కట్టుకొని, చిత్రాలను చూపి, అమ్ముకొనే సంత అది. దీనిని మాత్రం అమ్మరు, చూపుతారు.

ప్రయాణంలో పగలదని శాలినిగారు అద్దానికి బదులు అక్రిలిక్ పలకను కోరారు. అక్రిలిక్ పారదర్శకమైన ప్లాస్టిక్. తుడిచినకొద్దీ విద్యుదావేశం పొంది పొడిని తనవైపు లాగుకొంటుంది. ఆ సంగతి చెప్పగానే ఆమె అంగీకరించి, "అయితే ఫిక్సేటివ్ చల్లుదామా?" అన్నారు. పొడి రాలకుండా పట్టి ఉంచే ద్రవం అది. గుడ్డ మూలన ఒక చుక్క వేసి చూశాను. అక్కడి వెండి నల్లబడింది.

గురవమ్మ నవ్వింది. "రాలితే రాలనీ సామీ. మా శేతులు యాడికి పోతాయి? మళ్ళా అద్దుతాం." అంతలోనే ఆమె నవ్వు ఆగింది. చిటికెనవేలు పక్కకు వంగిన ఒక ముద్రపై వేలు ఆనీ ఆనకుండా నిలిపింది. "ఇది మాత్రం రాలగూడదు. మా కోడలు వీరలచ్చిమిది. ఆ కుడిశెయ్యే కాలిపోయి మదురై ఆస్పత్రిలో ఉంది. ఇంక దానికి ఇట్లా శెయ్యి యాడ?"

అందుచేత అద్దమే వేశాను. అద్దం గుడ్డను తాకకుండా మధ్యన కర్రపట్టీలు పెట్టాను. వీటినే మేము స్పేసర్ అంటాము. జిగురు వాడక అంచులను మాత్రం దారంతో టాకా వేశాను. వెదురుగడలు దూర్చే రెండు గొట్టపుకుట్లను కత్తిరించక వెనుకకు మడిచాను. వెనుకపలకకు మేకులు కొట్టక స్క్రూలు బిగించాను.

"శానా సింగారించినావు సామీ," అన్నది గురవమ్మ. "పెండ్లికూతురు గూడా ఇంత సేపు కూర్చోదు."

సంత ముగిసి పటం క్షేమంగా తిరిగివచ్చింది. గురవమ్మ ఇంటి వాకిలి దానికి చాలలేదు గనుక, అది నా అంగడి గోడకే మిగిలింది. అటువైపు వచ్చినప్పుడెల్లా ఆమె దాని ఎదుట కొంతసేపు నిలుచుండి పోయేది.

వార్డు మాత్రం రాలేదు. వాన వెలిసిన ఒక ఉదయాన, మరునాడు విరుదునగరంలో కలెక్టరు కచ్చేరి ముందు కూర్చోబోతున్నామని చెప్పడానికి గురవమ్మ వచ్చింది. ఆమె వెంట కుడిచేతిని కొంగుతో కప్పుకొన్న ఒక యువతి ఉంది. వంగిన చిటికెనవేలు ఆ కొంగు చాటున లీలగా కనబడగా, వీరలక్ష్మి అని గ్రహించాను.

"పటాన్ని దించమంటారా?" అని అడిగాను.

"వద్దు సామీ. తీస్తే రాలిపోతాది. పోరాట్టానికి కొత్త గుడ్డ రాసుకుంటాం," అన్నది గురవమ్మ.

వీరలక్ష్మి గోడవైపు నడిచి, తన ముద్రను చూసి, పై అద్దాన్ని ఎడమచేతి వేలితో తట్టింది. "ఇదేంది అత్తా? నా శెయ్యిని కన్నాడిలో పెట్టి పూజ సేస్తా ఉండారా? నేనేమన్నా సచ్చినానా?"

"నోరు ముయ్యే! నీ శెయ్యి బాగున్నప్పటి గురుతని..."

"ఆ శెయ్యి సూపిచ్చి ఏం అడుగుతావు? బాగుంది గదా, వార్డు యెందుకు అంటారు." కొంగు తొలగించి అరచేయి చాచింది. గీతలన్నీ మాసిపోయి, చర్మం మైనంవలె నున్నగా మెరుస్తోంది. వేళ్ళు పూర్తిగా తెరుచుకోవు. "సూపించాల్సింది ఇది. ఈ కన్నాడి తియ్యి తాతా."

నేను గురవమ్మ వైపు చూశాను. ఆమె ఆ ముద్ర మీది అద్దాన్ని ఒకసారి కొంగుతో తుడిచింది. ఆపైన, "అది శెప్పినట్టే సెయ్యి సామీ," అని ముఖం తిప్పుకొన్నది.

ఒక్కొక్క స్క్రూ విప్పి, టాకాలు తెంచి, గుడ్డను బల్లపైకి ఎత్తాను. ఎంత నెమ్మదిగా ఎత్తినా పొడి రాలింది. వీరలక్ష్మి ముద్రలో చిటికెనవేలి చివర తప్ప తక్కినదంతా ఇంచుమించు చెరిగిపోయింది. గురవమ్మ కన్నీరు తుడుచుకొన్నది. కోడలు వంగి, బల్లపై రాలిన వెండిపొడిని తన కాలిన అరచేత అద్దుకొని, పాత ముద్ర ప్రక్కనే గట్టిగా ఒత్తింది. గీతలు లేని ముద్ర పడింది. వేళ్ళు ముడుచుకొన్న చోట్ల ఖాళీలు మిగిలాయి.

"అప్పుడు కూడా సగమే పని సేసేదానివి, ఇప్పుడూ సగమే," అన్నది గురవమ్మ.

"మిగతా సగం నువ్వు అద్దు అత్తా," అన్నది వీరలక్ష్మి.

గొట్టపుకుట్లలోనికి గడలు సులువుగానే దూరాయి. ఆ పతాక విరుదునగరానికి వెళ్ళింది. అటుపిమ్మట పలుమార్లు వెళ్ళింది. వార్డు ఇంకా రావలసే ఉన్నది.

రాలిపోయేదానిని రాలకుండా నిలుపుటే నా వృత్తి. దానిని నేటికీ తక్కువగా ఎంచను. కాని ఇప్పుడు ఎవరేమి తెచ్చినా, కొలత తీయక మునుపే, "ఇది మళ్ళీ ఎప్పుడు బయటికి రావాలి?" అని అడుగుతాను. పెక్కుమందికి ఆ ప్రశ్న వింతగా తోస్తుంది. అప్పుడు గోడపైనున్న ఖాళీ చట్రాన్ని చూపుతాను. దాని స్క్రూలు మళ్ళీ బిగించలేదు.