వేలికంటిన పాకం

నేను చేసిన లడ్డు నేను రుచి చూడను. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, మా పని అలాంటిది. చెన్నై మైలాపూరులో మా అమ్మ వెలిగించిన పొయ్యి ఇది. గుళ్ళో నైవేద్యానికి ఇక్కడి నుంచే లడ్డు వెళ్తుంది. దేవుడి ముందు పెట్టకముందే ఒక్క పలుకు నా నోట్లో పడిందా, మొత్తం ఎంగిలే. అందుకే ఏదైనా కంటితో, ముక్కుతో, వేళ్ళతోనే తెలుసుకోవాలి. పాకం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగలా సాగితే దించేయాలి.

అలాంటి నన్ను పట్టుకుని నా కూతురు దొంగతిండి తింటున్నానంది!

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. ఇన్సులిన్ వేసుకుంటాను. ఈమధ్య డాక్టరమ్మ చెబితే జబ్బకు ఒక సెన్సర్ అతికించుకున్నాను. పెద్ద బొట్టుబిళ్ళంత ఉంటుంది. దాని సన్నటి తీగ చర్మం కింద ఊరే నీటిలో చక్కెర ఎంతుందో చూసి ఫోనుకు చెబుతుంది. అది నేరుగా రక్తం కాదు కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుందట. అందుకని అప్పుడప్పుడు వేలు పొడుచుకుని, రక్తం ఒక చుక్క చిన్న మిషన్‌కు పట్టించి, వచ్చిన అంకెను ఫోనులో కొట్టాలి. సెన్సర్ ఆ అంకెను చూసి తన లెక్క దిద్దుకుంటుంది. నాకు పాకం ఉడికేటప్పుడే కాస్త తీరిక. అప్పుడే పొడుచుకునేదాన్ని.

ఈ లెక్క నా కూతురి ఫోనుకూ వెళ్తుంది. అది ఆఫీసులో కూర్చుని నా ఒంట్లో చక్కెర చూస్తుంటుంది. మొదట్లో బాగానే ఉంది. తర్వాత అంకె ఎక్కి కూర్చుంది, దిగనంది.

"నిజం చెప్పమ్మా. బూందీ నోట్లో వేసుకుంటా ఉండావా?" అని అడిగింది ఒకరోజు ఇంటికి రాగానే.

"లేదు. ఆ సెన్సరే తప్పు చూపిస్తా ఉండాది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. పొయ్ సొల్లాదమ్మా!"

కోపమొస్తే దానికి తెలుగు పోయి తమిళం వస్తుంది. అబద్ధం చెప్పొద్దని కన్నతల్లికి చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఆరోగ్యం సంగతి అలా ఉంచండి, నేను తిన్నానంటే ఇన్నేళ్ళూ దేవుడికి ఎంగిలి పెట్టానన్నమాటే కదా.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పొద్దస్తమానం ఆ వాసన మధ్య ఉంటే ఎవరికైనా నోరూరుతుంది లెండి" అని నవ్వి, ఇన్సులిన్ పెంచి, కొన్నాళ్ళు పొయ్యి ఆపమంది. నా కూతురు బుద్ధిగా తలూపింది.

"మందు వేసుకుంటాను. పొయ్యి మాత్రం ఆపను" అని లేచి వచ్చేశాను.

పెంచిన మందుతో కొద్దిరోజులు గడిచాయో లేదో, గుడి ఆర్డరు లడ్డు చుడుతుంటే చేతులు వణికాయి. చల్లటి చెమట పట్టింది. ఫోను చూస్తే రెండొందల పది. ఒళ్ళేమో పడిపోతున్నానంటోంది. ఫోను కన్నా ఒళ్ళు నాకు పాత చుట్టం. కళ్ళు తేటపడతాయేమోనని కుళాయి కింద సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కుని, ఉతికిన తువాలుతో తుడుచుకుని వేలు పొడుచుకున్నాను. యాభై ఎనిమిది.

ఎదురుగా పళ్ళెం నిండా లడ్డు. దాన్ని ముట్టుకోలేదు. డబ్బాలోని చక్కెర నోట్లో పోసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. భయపడ్డాను, దాచుకోవడానికేముంది. వణుకు తగ్గాక ఆ భయం పోయి కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కువ చూపించిన వేలు ఇవాళ ఎందుకు నిజం చెప్పింది?

చేతులు కడుక్కున్నాను. తేడా అంతే.

పాకం దగ్గరికి తడి చెయ్యి రాకూడదని మా అమ్మ మాట. పాకం చూసిన వేళ్ళు కడుక్కోం, నడుముకు దోపుకున్న పొడిగుడ్డతో తుడుచుకుంటాం. ఆ గుడ్డ తీసి చూశాను. పాకం పట్టి అట్టలా బిగుసుకుంది. అందులో ఎంత చక్కెర ఉందో చీమలకు తెలుసు, నాకే తెలియలేదు. ఇన్నాళ్ళూ వేలు శుభ్రంగా ఉండాలని దాంతోనే తుడుచుకుని పొడుచుకున్నాను. వేలి మీది చక్కెర రక్తపు చుక్కలో కలిసింది. ఆ దొంగ అంకెనే ఫోనులో కొట్టాను. పాపం ఆ సెన్సర్ నన్ను నమ్మి తన లెక్కంతా పైకి జరుపుకుంది. దానికి తప్పు నేర్పింది నేనే. అయినా సరే, నేను తినలేదు!

ఆదివారం నా కూతుర్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. పాకం వేళ్ళతో చూసి, గుడ్డతో తుడుచుకుని పొడుచుకున్నాను. మూడొందలు దాటింది. అది నోరు తెరిచేలోపు "ఉండు" అని, చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని పక్క వేలు పొడుచుకున్నాను. నూట ఇరవై నాలుగు.

అది రెండు అంకెలూ చూసింది. గుడ్డ చేతిలోకి తీసుకుని గోటితో గీకి చూసింది. "నీ ప్రాణం మీదికి తెచ్చినామే అమ్మా" అంది. ఆ సాయంత్రమే డాక్టరమ్మకు అంతా చెప్పింది. ఆవిడ మందు తగ్గించి కొత్త సెన్సర్ పెట్టించింది. సబ్బుతో కడిగి ఆరిన వేలే పొడవాలని, అదీ పరగడుపున, అంకె ఎక్కకుండా దిగకుండా నిలకడగా ఉన్నప్పుడే ఫోనులో కొట్టాలని చెప్పింది. పొయ్యి ఊసు ఎత్తలేదు.

అయినా నా కడుపుమంట చల్లారలేదు. మళ్ళీ నైవేద్యమై ప్రసాదం ఇంటికి వచ్చిన రోజు నా కూతుర్ని పిలిచాను. "ఫోను తియ్యి" అన్నాను. దాని ఎదురుగా కూర్చుని సగం లడ్డు నింపాదిగా తిన్నాను. చర్మం కింది నీటికి కబురు కాస్త ఆలస్యంగా అందుతుంది. ఇద్దరం కాచుకున్నాం. అంకె మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది.

"బాగా చూసుకో. నేను తింటే ఇట్లుంటాది. తినేనాడు నీ ముందరే తింటా. మళ్ళా నన్ను అడగబాక."

అది మిగిలిన సగం నోట్లో వేసుకుంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చి పొయ్యి వెలిగించాను.