ఆ లైటు ఏ రంగు?

పటమట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నాన్న గుర్తొస్తాడు. ఆయన ఆటో నడిపేవాడు. టీబీకి మందులు వాడుతున్న రోజుల్లో, నన్ను బడికి తీసుకెళ్తూ ఇక్కడే అడిగాడు: “అమ్మలూ, ఆ లైటు ఏ రంగే?”

రంగులు నేర్పుతున్నాడనుకుని “ఎరుపు!” అని అరిచాను.

నాన్న ఆటో పక్కకి ఆపేసి, నా చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిచాడు.

“మాత్రల్లో ఒకటి మీ కంటి నరానికి పడలేదండీ, అందుకే రంగులు తెలియట్లేదు. అది ఆపేద్దాం. వెంటనే వచ్చారు, చూపు మెల్లగా తిరిగొస్తుంది,” అన్నారు డాక్టరు గారు.

“కాస్త మసకే కదన్నా, నడిపెయ్,” అన్నారు స్టాండులోవాళ్లు.

“ఎక్కేది ఎవరి పిల్లలో కదరా!” అన్నాడు నాన్న.

మిగతా మందులు మానకుండా వేసుకుంటూ, రైతుబజారులో ఉల్లిపాయలు అమ్మాడు గానీ ఆటో ముట్టలేదు.

ఒకరోజు అమ్మ నాకు జడలు వేస్తుంటే, “ఆ రిబ్బన్లు ఎంత ఎర్రగా ఉన్నాయే!” అన్నాడు. అమ్మ ఎందుకు ఏడ్చిందో అప్పుడు నాకు తెలియలేదు.